హార్ట్లీ మాస్టారి బాకా

హోల్డెన్ బ్రిడ్జ్, యార్క్‌షైర్
1974 సెప్టెంబర్ 9

ఏమస్‌కు విల్ఫ్ రాస్తున్నది. హల్ పట్నంలో నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమే. నా చేతిరాత చూసి కవరు పొయ్యిలో వెయ్యకు.

హార్ట్లీ మాస్టారి చెల్లెలు ఈడిత్ ఆయన బాకా నాకిచ్చేసింది. బ్యాండులో నీ కుర్చీ కూడా నాదే ఇప్పుడు. పోయిన నెల సాధనలో డ్రమ్ము వాయించే నార్మన్, "ఏమస్ ఊదితే గుర్రాలు ఆగేవి, నువ్వూదితే బస్సు కూడా ఆగదు" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి భోజనం ముట్టలేదు.

చిన్నప్పట్నుంచీ ఇంతే. ఇద్దరం ఒకే రోజు మాస్టారి దగ్గర చేరాం. నేనూదితే బాగుందనేవారు. నువ్వూదితే కళ్ళు మూసుకునేవారు. ఆ కళ్ళు మూసుకోవడం కోసం ఇరవయ్యేళ్ళు ఊదాను.

ఆయనకు పక్షవాతమొచ్చి మాట పడిపోయాక, పోటీకి ముందురోజు నువ్వు ఆయన ఇంటి వెనక తలుపు తీసి లోపలికెళ్ళి గోడమీది బాకా పట్టుకుపోయావు. పోలీసులకు చెప్పింది నేనేనని నీకు తెలుసు. ఉంచుకోవడానికే తీసుకున్నానని నువ్వు దాచకుండా ఒప్పుకున్నావు. "తెలిస్తే మాస్టారు సరేననేవారే" అన్నావు. కేసు విచారణకొచ్చేలోపే ఆయన పోయారు.

మొన్న పబ్బులో ఒక లాయరు గుమాస్తా చట్టం విడమరిచి చెప్పాడు. పరాయి వస్తువు తిరిగివ్వకూడదనుకుని, కపటంతో తీసుకుంటేనే దొంగతనమట. సొంతదారు ఒప్పుకునేవాడేనని నిజంగా నమ్మితే కపటం లేనట్టేనట. కోర్టులో నన్నడిగింది అందుకేనట, ఆయన ఏనాడైనా ఏమస్‌కిస్తానని సూచన చేశారా అని. "నాకు తెలిసి లేదు" అన్నాను. దాంతో నీకు దొంగ పేరొచ్చింది, మిల్లులో పని పోయింది, ఊరు పోయింది.

బాకా పార్సిల్లో పంపుతున్నాను, ఈడిత్‌ని అడిగే. నీ మీద నా ఏడుపు మాత్రం తగ్గలేదు.

నీ పక్క కుర్చీవాడు,
విల్ఫ్

తాజా కలం: ఈ కింది మాటే పొద్దున లాయరుకు రాసి సంతకం పెట్టాను. నీ శిక్ష కొట్టేస్తారట. నాకు జైలు పడొచ్చట, పడనీ. నువ్వు బాకా తీసుకెళ్ళడానికి ముందు ఆదివారం నేను మాస్టారి దగ్గర కూర్చున్నాను. ఆయన బాకా చూపించి, బ్యాండు ఫోటోలో నీ ముఖం మీద వేలు పెట్టారు. ఆ వేలు పట్టుకుని నా ముఖం మీదికి జరిపాను. ఆయన మళ్ళీ నీ మీదికి జరుపుకున్నారు.