బియ్యం డబ్బా వెనక బైబిలు

ఘుబ్రా, మస్కట్
12-11-1993, శుక్రవారం

పూజ్యులైన అన్నయ్యకు చెల్లెలు సూర్యకుమారి నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యంలో రాయడం మన ఇంటి అలవాటు కనుక రాస్తున్నాను, నమ్మకు. అక్కడ నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఎండలు తగ్గాయి. అమ్మాయి తన్మయికి పదో తరగతి చదువు ఊపిరి సలపనివ్వడం లేదు. అబ్బాయి శ్రీచరణ్ రైసూత్ పోర్టులో ఇంజనీరుగా కుదురుకున్నాడు గానీ, డ్యూటీ అని దసరాకి కూడా రాలేదు. ఇవీ కబుర్లు. ఇక అసలు సంగతి.

మీ బావగారు మతం మారిపోతున్నారని నా అనుమానం.

రెండు నెలలుగా శుక్రవారం కాఫీ తాగగానే వహీద్ ఇంటికి వెళ్ళిపోతున్నారు. వహీదంటే వాళ్ళ కంపెనీలో స్టోరు చూసే హైదరాబాదు మనిషి. ఒకసారి నిలేసి అడిగితే, సార్ పెద్ద కితాబు పని మీద ఉన్నడు భాభీ, ఫికర్ జెయ్యకుండ్రి అన్నాడు. దిగులు పడొద్దన్నారంటే పడాల్సిందేదో ఉన్నట్టే కదా! ఆమధ్య ఆఫీసు పని మీద సలాలా వెళ్ళి, అక్కడ కొండ మీద అయ్యూబ్ ప్రవక్త సమాధి దగ్గర గంటసేపు కూర్చుని వచ్చారట. తిరుపతి క్యూలో పావుగంట నిలబడితే మోకాళ్ళ నొప్పులనే మనిషి.

పోయిన వారం బియ్యం డబ్బా వెనక నల్లట్ట తెలుగు బైబిలు దొరికింది. అందులో ఒక నోటుపుస్తకం. పేజీకి రెండు గళ్ళు గీసి, అబ్రాహాము ఎదుట బ్రహ్మ, శారా ఎదుట సరస్వతి, ఓడ కట్టిన నోవహు ఎదుట మనువు! మన ఋషులు ఆ అబ్రాహాము దేశానికి ఏ దారిన వెళ్ళి ఉంటారో, ఈ ఒమాన్ రేవుల మీదుగా చుక్కల గీత కూడా గీశారు. డ్రాఫ్టుమన్ కదా, గీతలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి.

ఆ పూట భోజనాల దగ్గర ఉండబట్టలేకపోయాను. పేర్లు కాస్త కలిస్తే చుట్టాలైపోతారా, అలాగైతే మన వీధిలో సోడాకొట్టు ఇబ్రహీం కూడా బ్రహ్మగారి మనవడే కావాలిగా అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నా మొహంలోకి కంగారుగా చూసి, అయితే తప్పేమిటన్నారు. పప్పులో ఉప్పెక్కువైన సంగతి కూడా గమనించలేదు.

పోనీ సంధ్యావందనం మానేశారా అంటే, లేదు. చెవులు పట్టుకుని ప్రవర చెప్పుకునే చోట మాత్రం ఆగిపోయి, గోడకేసి చూస్తూ నిలబడిపోతున్నారు. గోత్రం నోట రావడం లేదు కాబోలు.

ఇంకా విను. ఇంట్లో ఫోనుండగా, కార్డు పట్టుకుని సందు చివర బూత్‌కి వెళ్తున్నారు. మొన్న వెనకే వెళ్ళాను. టక్కున పెట్టేసి, రాంగ్ నంబరన్నారు. తను చేసిన ఫోను తనకే రాంగ్ నంబరెలా అవుతుందో నువ్వే చెప్పు.

ఇవన్నీ ఓర్చుకుందును. నోటుపుస్తకం ఆఖరి పేజీలో ఏముందో తెలుసా? ఎస్తేరు, నెల్లూరు, నర్సు, ఇరవై నాలుగేళ్ళు. కింద రెండు గీతలు. యాభై రెండేళ్ళ మనిషి, అన్నయ్యా! దేవుణ్ణి మార్చడం దేనికో ఇప్పుడర్థమైంది. ఇరవై ఏడేళ్ళు కాపురం చేశాను. ఏడుపొస్తోంది, అక్షరాలు అలుక్కుపోతే ఏమీ అనుకోకు.

శ్రీచరణ్‌కి ఒక్క ముక్క చెప్పలేదు. తండ్రంటే వాడికి ప్రాణం, తట్టుకోలేడు. ఆయనకు తెలియకుండా టిక్కెట్లు తీసుకున్నాను. 25వ తేదీ గురువారం విమానానికి తన్మయిని తీసుకుని వచ్చేస్తున్నాను, మళ్ళీ ఈ గడప తొక్కను. నువ్వు బొంబాయి వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళు. పక్క ఫ్లాట్ రామలక్ష్మిగారు సోమవారం ఊరికి వస్తున్నారు, ఉత్తరం ఆవిడ చేతికిస్తాను. ఆవిడ విప్పి చూడకుండా కవరు అంచులకు జిగురు దట్టంగా పూస్తాలే.

ఇట్లు,
నీ మీదే భారం వేసిన చెల్లెలు,
సూర్యకుమారి

తా.క. ఆదివారం ఉదయం. ఇది చింపేద్దామనుకుని ఆగాను. నా తెలివితేటలు నీకూ తెలియాలి.

నిన్న ఆ పుస్తకం ఆయన ముందు పడేసి ఎస్తేరెవరని అడిగాను. మనకు కాబోయే కోడలు అన్నారు. మనవాడి పోర్టు పక్కనే, సలాలాలో నర్సట, శ్రీచరణ్ ఆ పిల్లనే చేసుకుంటాడట. గోత్రం లేని పిల్లని అమ్మ పీటల మీద కూర్చోనివ్వదని తండ్రి దగ్గర ఏడ్చాడట. ఆ బూత్ ఫోన్లన్నీ వాడికేనట. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పడం ఉందిగా, కానీ మా ఇంటిదీ కాశ్యపమే, వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళయిపోతారు! అందుకని ఈయన ఆ పిల్ల వేదంలో పెద్దాయన అబ్రాహామే కదా అని, ఆయన్ని పట్టుకుని బ్రహ్మ దాకా వెళ్ళి, మధ్యలో వేరే ఋషి ఎవరైనా దొరుకుతారేమోనని వెతికారట. ఎటు లాక్కొచ్చినా కశ్యపుడి దగ్గరే తేలుతోందట.

వహీద్‌కి తెలుసు, తన్మయికి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. నేనంటే ఇంత భయమా అని అడిగాను. ఎస్తేరు పేరు చూసిన రోజు కూడా నాకింత బాధ కలగలేదు.

టిక్కెట్లు వాపసిచ్చేశాను. ఆ పిల్లతో ఫోనులో మాట్లాడాను. ముందు చర్చిలో చేసి తరవాత పీటల మీద కూర్చోమంటే కూర్చుంటానంది. నన్ను మారమని మాత్రం అడగబాకండమ్మా అని ఖచ్చితంగా చెప్పేసింది. దాపరికం లేని పిల్ల, నాకు నచ్చింది.

నువ్వు బొంబాయి రావద్దు. ఫిబ్రవరిలో పెళ్ళి పీటల మీద నువ్వూ వదినా కూర్చుని, ఆ పిల్లకి మీ భారద్వాజ గోత్రమిచ్చి కన్యాదానం చెయ్యండి. అప్పుడు మేనమామ కూతురవుతుంది, వంక పెట్టేవాడుండడు. పదిమందికీ పెళ్ళి మంత్రాలు చెప్పే నీకు ఇది ఎంత కష్టమో తెలుసు. కానీ ఆ గోత్రం నేను పెళ్ళినాడు మీ ఇంట్లో వదిలేసి వచ్చిందే కదా అన్నయ్యా. నా వంతు ఆ పిల్లకిమ్మని అడుగుతున్నాను.