పచ్చజెండా బొత్తాం

బావగారికి,

మన చదరంగం ఆటలో నా ఎత్తు కోసం నాలుగు రోజులుగా కంప్యూటర్ ముందు పడిగాపులు కాస్తున్నారని అక్క ఫోన్లో చెప్పింది. కారణం రాస్తున్నాను, నవ్వకండి.

ఈ కంప్యూటర్ చదరంగంలో నన్ను వరసగా పదకొండు ఆటల్లో ఓడించానని బంధువులందరికీ చాటింపు వేశారు కదా. తెర మీద మూలన ఒక బొత్తాం, దాని మీద పచ్చజెండా బొమ్మ ఉన్నాయి. ముప్పై ఏళ్లు రైలు గార్డుగా చేసినవాణ్ణి, పచ్చజెండా ఊపితేనే కదా బండి కదిలేది! ప్రతి ఆటకీ ముందు మర్యాదగా దాన్ని నొక్కాను. వెంటనే "మీరు ఓడిపోయారు" అని వచ్చేది. ఒక్క పావు కూడా కదపకుండా గెలిచిన సంగతి మాత్రం మీరు ఎవరికీ చెప్పలేదు.

మొన్న మనవరాలు చూసి, "తాతయ్యా, అది ఓటమి ఒప్పుకునే బొత్తాం!" అని పడీ పడీ నవ్వింది.

అందుకే పన్నెండో ఆట జెండా జోలికి పోకుండా ఆడాను. మంత్రి పోయింది, ఏనుగులు రెండూ పోయాయి. ఇక ఒప్పుకోవలసిందే. కానీ పదకొండుసార్లు హాయిగా నొక్కిన వేలు ఇప్పుడు ససేమిరా అంటోంది.

మీ తెర మీద కూడా ఆ జెండా ఉంటుందట. ఈసారికి మీరే నొక్కెయ్యకూడదూ? నొప్పేమీ ఉండదు, నాకు అనుభవమే.

మీ బావమరిది