పొద్దు తిరిగిన సాయంత్రం

రుద్రూర్ దగ్గర, పొలం ఇల్లు
నవంబరు 24

రుచీ,

ఫోన్ చేస్తే వినపడదు, సరే. మెసేజ్ పెడితే చూడవు. అందుకే కాగితం పట్టుకున్నాను. బోధన్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లో, వేసవి సెలవులకు నువ్వు నిజామాబాద్ వెళ్లిపోతే ఇలాగే రాసుకునేవాళ్లం. నా అక్షరాలు ఇంకా కోడిగెలుకుడే, సర్దుకో.

పోయిన వారం మీ ఇంటికి వచ్చాను. నువ్వు గది తలుపు తీయలేదు. మీ అమ్మ అంజవ్వ వాకిట్లో బీడీలు చుడుతూ కూర్చుంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టేసింది. "జరమొచ్చి చెవులు పోయినయి బిడ్డా. ఏం జేస్తం, మన చేతుల లేదు. గని నోరెందుకు మూసుకున్నదో నాకు సమజైతలేదు. గల్లీ పిల్లలందరికి పాట నేర్పిన నోరు గది. వానకాలం సంది నాతోని గూడ ఒక్క మాట లేదు" అంది. ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

డిసెంబరు ఇరవై ఒకటిన మా పొలానికి రా. ఏడాది మొత్తంలో పగలు అన్నిటికన్నా చిన్నగా ఉండే రోజది. ఆ సాయంత్రం నేనొక పని చేస్తాను. ఎవరినీ పిలవను. ఈసారి నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

నీ
ఝాన్సీ


నిజామాబాద్
డిసెంబరు 3

ప్రియమైన ఝాన్సీ,

ఆ రోజు తలుపు తీయనందుకు కోపం పెట్టుకోకు. తీస్తే నువ్వు మాట్లాడతావు, నేను నీ పెదవుల వంక వెర్రిదానిలా చూస్తూ ఉండాలి. నీ దగ్గర కూడా అలా ఉండటం నా వల్ల కాదనిపించింది.

నోరెందుకు మూసుకున్నానని అమ్మ అడిగింది కదా, నీకు చెబుతాను. జ్వరం తగ్గాక ఒకరోజు కిరాణా దుకాణానికి వెళ్లి కిలో రవ్వ అడిగాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా గిర్రున వెనక్కి తిరిగారు. షావుకారు అరచేతిని కిందికి ఆడిస్తూ మెల్లగా, మెల్లగా అన్నట్టు సైగ చేశాడు. ఇంటికొచ్చి మా అన్న కూతురు బంటిని దగ్గరకు పిలిస్తే, అది రెండు చెవులూ మూసుకుంది. పాపం, చిన్నపిల్ల, దానికేం తెలుసు. కానీ నాకు అర్థమైపోయింది. నా గొంతు ఇప్పుడు ఎలా ఉందో లోకంలో నాకొక్కదానికే తెలియదు. శ్రుతి ఒక్క వెంట్రుకవాసి తప్పినా పిల్లల్ని ఆపి మళ్లీ పాడించినదాన్ని నేను. అలాంటిది ఏ గొంతుతో మాట్లాడుతున్నానో తెలియకుండా ఎలా మాట్లాడను?

హైదరాబాదులో చూపించాం. ఆపరేషన్ చేసి లోపల యంత్రం పెడితే మాటలు కొంత వినపడొచ్చట. పాట మాత్రం పాటలాగే వినపడుతుందని చెప్పలేమన్నారు. తంబూరాకు గుడ్డ చుట్టి అటక మీద పెట్టించాను. పాట పోయింది ఝాన్సీ. ఆ ఒక్క మాట రాయడానికి మూడు రోజులు పట్టింది.

పగలు చిన్నదైతే ఏం, పెద్దదైతే ఏం నాకు? నేను రాను. అయినా నువ్వు చేసే ఆ పని ఏమిటో రాయి.

నీ
రుచిత


రుద్రూర్ దగ్గర
డిసెంబరు 9

రుచీ,

రానన్నావు గానీ, ఏమిటో రాయమన్నావు. నాకది చాలు.

మా ఆయన సతీష్‌బాబు డిసెంబరులోనే పోయాడని నీకు తెలుసు. చెరకు తోటకు నీళ్లు కడుతూ గట్టు మీద కూలబడిపోయాడు. దినం అయి చుట్టాలంతా వెళ్లాక, ఒక సాయంత్రం అదే గట్టు మీద కూర్చున్నాను. పొద్దు చాలా తొందరగా కుంగిపోయింది. ఇంత త్వరగా చీకటి పడితే మిగతా రాత్రంతా ఎలా గడపాలా అని భయమేసింది. ఇంటికొచ్చి ఊరికే క్యాలెండరు తిరగేస్తే తెలిసింది, ఆ రోజే అన్నిటికన్నా చిన్న పగలని. ఎంత గుండె ధైర్యం వచ్చిందో చెప్పలేను. అంటే చీకటి ఇంతకన్నా పెరగదన్నమాట!

అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుంటాను. పొద్దు చెరకు కొసల్ని తాకగానే కళ్లు మూసుకుని, ఈ ఏడు ఏం పోయింది, ఏం మిగిలింది, దేనికి భయపడుతున్నాను అని నన్ను నేనే అడుగుతాను. చుక్కలు పొడిచాక ఇంటికొచ్చి దీపం పెడతాను. అంతే. మంత్రం లేదు, నైవేద్యం లేదు. మా అత్తగారు సీతమ్మ చూసి, "ఇదేం పూజే అమ్మాయ్, దేవుడి పటమైనా లేకుండా?" అన్నారు. పూజ కాదత్తయ్యా, సొంతంగా లెక్క చూసుకోవడం అన్నాను. "అయితే శాలువా కప్పుకుని చూసుకో, మంచు పడుతోంది" అన్నారు.

ఈసారి చెరకు విపరీతంగా పూసింది. పూస్తే తీపి తగ్గుతుందని రైతుకు దిగులు. కానీ సాయంత్రం ఎండకు ఆ వెండి కుచ్చులు వెలుగుతుంటే, దిగులు పడటం కూడా మర్చిపోతున్నాను.

అక్కడ ఎవరూ మాట్లాడరు రుచీ. చెవులున్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా ఉండని చోటు అది. మా పొలం చూసుకునే రామ్‌దాస్ ఆ మధ్యాహ్నం బోధన్ బస్టాండు దగ్గర ఆటో పెట్టుకుని ఉంటాడు. నువ్వు దిగకపోతే ఖాళీ ఆటోతో వస్తాడు, అంతే.

నీ
ఝాన్సీ


నిజామాబాద్
డిసెంబరు 27

ప్రియమైన ఝాన్సీ,

రానని రాసి కూడా వచ్చాను. ఆ సాయంత్రం గట్టు మీద నువ్వు నా పక్కనే ఉన్నావు, అయినా నా వైపు నుంచి ఏం జరిగిందో నీకు రాయాలి. మర్నాడు, మాటలకు బదులుగా నువ్వు నా ముందు పెట్టిన పలక మీద రాయబోతే బలపం కదల్లేదు.

పొద్దు చెరకు మీదికి వాలగానే నువ్వు కళ్లు మూసుకున్నావు. నేను మూసుకోలేదు. చెవులు పోయాక కళ్లు కూడా మూస్తే నాకింకేం మిగలదని భయం. అందుకే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఉత్తరం దిక్కున, దూరంగా పక్క పొలాల మీద నల్లటి పొగ లేచింది. ఎవరో చెత్తకు నిప్పు పెట్టారు, గాలికి నీ చెరకంతా అంటుకుంటుందని గుండె ఝల్లుమంది. నిన్ను భుజం పట్టి ఊపాను. నువ్వు కళ్లు తెరిచి లేచావు. అటు నుంచి రామ్‌దాస్ కూడా పరిగెత్తుకొచ్చాడు.

ఆ పొగ గాలికి చెదరలేదు. మడత పడింది. పెద్ద చీరను ఎవరో ఆకాశంలో దులిపినట్టు విప్పుకుని, మళ్లీ ముడుచుకుని, మన వైపు తిరిగింది. అప్పుడు కనపడ్డాయి రెక్కలు. అన్నీ పిట్టలే! రామ్‌దాస్ తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత పట్టుకుని ఏదో అంటున్నాడు. నువ్వు తర్వాత పలక మీద రాశావు కదా, "జొన్న పిట్టలమ్మా. గోరింకల లెక్కుంటయి. సలికాలంల వస్తయి. గని గిన్ని నా పుట్టువుల సూడలే" అన్నాడని.

అవి మన నెత్తి మీదికి వచ్చినప్పుడు ఆకాశం లేదు. ఒక్కసారిగా అన్నీ పక్కకు వాలితే, ఆ రెక్కల గాలి నా ముఖానికి తగిలింది. తర్వాత రొమ్ము ఎముకలో ఏదో అదిరింది. తంబూరాను ఒడిలో పెట్టుకుని మీటినప్పుడు ఇలాగే అదిరేది. అన్ని వేల పిట్టలు, ఏ ఒక్కటీ ఇంకొకదానికి తగలదు. ఎవరు చెబుతున్నారు వాటికి, ఇప్పుడు తిరగమని? నాకు దేవుడి మీద కోపంగా ఉంది, నీకు తెలుసు. ఆ కాసేపు ఆ కోపం ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

చివరికి అవన్నీ నీ చెరకులోకి వాన కురిసినట్టు దిగిపోయాయి. వెండి కుచ్చులన్నీ ఒక్కసారి ఊగి, ఆగిపోయాయి. అంతసేపూ మనిద్దరం చేతులు పట్టుకుని మౌనంగా నిలబడ్డాం. ఇంత గొప్పది చూస్తూ కూడా గొంతు పెగలని దాన్నయ్యానే అని ఇంటికొచ్చాక అనుకున్నాను. బాధగా మాత్రం కాదు. పాట పోయినా చూడటానికి ఇంకా ఇంత మిగిలిందని తెలిసింది. ఏం మిగిలిందన్న నీ ప్రశ్నకు అదే నా జవాబు.

నీ
రుచిత


రుద్రూర్ దగ్గర
జనవరి 2

రుచీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. రాయాలా వద్దా అని కొట్టుకులాడాను. రాస్తున్నాను, కూర్చుని చదువు.

నువ్వు నన్ను భుజం పట్టి ఊపావు, నిజమే. కానీ అంతకు ముందే నేను లేచాను. "ఝాన్సీ, మంట!" అని కేక పెట్టావు నువ్వు. అవతలి చేలో ఉన్న రామ్‌దాస్ ఆ కేకకే పరిగెత్తుకొచ్చాడు. లేకపోతే అతనికెలా తెలుస్తుంది?

మనం మౌనంగా నిలబడలేదు. నేను నిలబడ్డాను. నువ్వు పాడావు.

పిట్టలు నెత్తి మీదికి వచ్చి, ఆ గాలి మనల్ని తాకిందే, అప్పుడు మొదలైంది. పదాలు లేవు. ముందు మంద్రంలో, పక్కనున్న నాకే అనుమానంగా వినపడేంత సన్నగా. ఎవరిదా గొంతు అని చుట్టూ చూశాను. నీ ముఖం పైకెత్తి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పిట్టలు పైకి లేస్తే అదీ లేచింది, వాలితే వాలింది. రుచీ, నేను నీకెప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా, నమ్ము. శ్రుతి ఎక్కడా తప్పలేదు. కాలేజీలో నువ్వు పాడుతుంటే కిటికీల దగ్గర జనం చేరేవారే, ఆ గొంతే. కాకపోతే అప్పుడు లేని లోతు ఒకటి వచ్చింది దానికి. నేను కదిలితే ఆగిపోతుందని, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. చివరి పిట్ట చెరకులో దిగాక నీ పాట ఆగింది. నా వైపు తిరిగి, ఏమీ జరగనట్టు చిన్నగా నవ్వావు. నీకు తెలియదని అప్పుడర్థమైంది నాకు.

ఆ రాత్రే చెబుదామనుకున్నాను. దీపం సంగతే మర్చిపోతే అత్తయ్యే వెలిగించారు. చెబితే నువ్వు భయపడి మళ్లీ నోరు బిగించేస్తావేమోనని ఊరుకున్నాను. రామ్‌దాస్ అయితే ఊరంతా చెబుతున్నాడు, "గామె పాడితెనే పిట్టలు దిగినయి" అని. నేనలా అనను. పొద్దు గూకింది, అందుకు దిగాయి. కానీ నువ్వు పాడింది మాత్రం పిట్టల కోసం కాదు, నా కోసం కాదు, నీకోసం కూడా కాదు. నీకు వినపడనే లేదు కదా. అయినా వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తోంది.

ఇక మీద పాడతావో మానేస్తావో నీ ఇష్టం, నేను బలవంతపెట్టను. కానీ పాట పోయిందని మాత్రం ఇంకెప్పుడూ రాయకు. అది నీ చెవుల్లో ఉండేది కాదు రుచీ. నేను విన్నాను.

నీ పాటకు సాక్షి,
ఝాన్సీ