విచ్చుకున్న గ్లవ్

1991 జూలై 7, ఆదివారం
బేస్‌బాల్ ఆటకు ముందు లాకర్ రూములో ప్రార్థన నడిపాను. తొమ్మిదిమంది వచ్చారు. దాచుకున్న పాపం గురించి చెప్పాను. ఇనుప అల్మారాలు అదిరేలా చెప్పాను. ఎజెకియెల్ మాతోస్ మాత్రం అరటిపండు తింటూ కూర్చున్నాడు. చివర్లో, పాస్టరు గారూ, దేవుడికి చెవుడని మీకెవరు చెప్పారు, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 9
పెద్ద లీగ్ జట్టులో బంతి విసిరే పిచ్చర్ ఒకడికి మోచెయ్యి పోయింది. నెలాఖరులోగా మా జట్టు నుంచి ఒకణ్ణి పిలుస్తారు. నేనో, ఎజెకియెలో. వాడు శాంటో డొమింగో వాడు, ఇరవై ఆరేళ్లు, నాకన్నా వేగం. నాకు ముప్పై నాలుగు. పదమూడేళ్లుగా చిన్న లీగుల బస్సులు ఎక్కి దిగుతున్నాను. పెద్ద లీగ్‌లో ఒక్క బంతి వేయలేదు. ప్రభువా, ఒక్కటి.

జూలై 12, మధ్యాహ్నం
కనిపెట్టాను. ఏ బంతి రాబోతోందో బ్యాటర్‌కి తెలియకుండా పిచ్చర్ గ్లవ్ లోపలే పట్టు మార్చుకుంటాడు. వంపు తిరిగే కర్వ్ బాల్ కోసం వేళ్లు సర్దుకునేటప్పుడు ఎజెకియెల్ గ్లవ్ విసనకర్రలా విచ్చుకుంటోంది. వేగంగా వేసే బంతికి విచ్చుకోదు. అవతలి జట్టు కోచ్ కూడా చూసి తన బ్యాటర్లకు చెప్పినట్టున్నాడు. రెండు హోమ్ రన్లు కొట్టారు. వాడికి చెప్పాలి. రేపు చెబుతాను.

జూలై 13
చెప్పలేదు.

జూలై 17
వాణ్ణి మళ్లీ చితక్కొట్టారు. బస్సులో నా పక్కన కూర్చుని, బంతి బాగానే తిరుగుతోంది పాస్టరు గారూ, వాళ్లు ముందే తెలిసినట్టు కొడుతున్నారు, నాకేమైంది, అని అడిగాడు. ప్రార్థన చేద్దాం అన్నాను. వాడి చెయ్యి పట్టుకుని చేశాను. జవాబు నోట్లో పెట్టుకుని చేశాను. వాడు ఆమెన్ అన్నాడు.

జూలై 20
మేనేజర్ డోలన్ భుజం తట్టి, ప్రీచర్, బూట్లు పాలిష్ చేసి పెట్టుకో, అన్నాడు. ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య రూబీ ఏడ్చింది. నా ఆట విషయంలో ఆమె సంతోషంతో ఏడవడం ఇదే మొదలు.

జూలై 21, ఆదివారం
బైబిల్లో దేవుడి మాట తప్పించుకుని ఓడెక్కి పారిపోయిన యోనా గురించి చెప్పడానికి లేచాను. తుపాను అతనివల్లే వచ్చింది. పాపం, మిగతావాళ్లు సరుకంతా సముద్రంలోకి విసిరేస్తున్నారు. అతను ఓడ అడుగున నిద్రపోతున్నాడు. అక్కడికి వచ్చి బైబిల్ మూసేశాను. ఎజెకియెల్ ముందు వరుసలో ఉన్నాడు. చేతిలో అరటిపండు లేదు. ఒరేయ్, గ్లవ్ తీసుకుని బయటికి రా, అన్నాను.
పిచ్చర్లు చెయ్యి వేడెక్కించుకునే బుల్‌పెన్‌లో వాడి గ్లవ్ నేను తొడుక్కుని చూపించాను. మీకు ఎప్పట్నుంచి తెలుసు అన్నాడు. తొమ్మిది రోజులు అన్నాను. గ్లవ్ వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆట మానేసి వచ్చేస్తున్నానని నిన్ననే మా అమ్మకు ఫోన్ చేశాను, అన్నాడు. తర్వాత, సరే, మళ్లీ చూపించండి, అన్నాడు.

జూలై 26
వాడు వరుసగా ఆరుగురిని ఔట్ చేశాడు. గ్లవ్ కదల్లేదు.

జూలై 29
పిలుపు వాడికి వచ్చింది.
రూబీకి ఫోన్‌లో చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. తొమ్మిది రోజులు ఆగినవాడివి ఇంకో తొమ్మిది ఆగలేకపోయావా, అంది. వెంటనే, నేనా మాట అనలేదనుకో, అంది.

ఆగస్టు 18, ఆదివారం
ప్రార్థనకు ముగ్గురే వచ్చారు. నేను అరవలేదు.

సెప్టెంబర్ 2
డోలన్ గదిలోకి పిలిచి తలుపు మూశాడు. వచ్చే ఏడాదికి నీకు కాంట్రాక్టు లేదు, ప్రీచర్, అన్నాడు. తలూపి లేచాను. కూర్చో, నేనింకా అయిపోయిందనలేదు, అన్నాడు. సెప్టెంబర్‌లో పెద్ద జట్లు అదనంగా కొందరిని తీసుకుంటాయి. ఈ ఒక్క నెలకి నన్ను రమ్మన్నారట.

సెప్టెంబర్ 11
ఎనిమిదో ఇన్నింగ్స్. ఎజెకియెల్ చెయ్యి అలిసిపోయింది. నన్ను పంపారు. పెద్ద జట్టు మేనేజర్ వాడి దగ్గర బంతి తీసుకుని నా చేతిలో పెట్టాడు. వాడి చెమటతో ఇంకా తడిగా ఉంది. ఎజెకియెల్ నన్ను దాటి వెళ్తూ, గ్లవ్ మూసుకోండి పాస్టరు గారూ, అన్నాడు.
మూసుకున్నాను.