పీలేరు మూల

ఫర్వానియా, కువైట్
13 నవంబర్ 2025, గురువారం

ప్రియమైన గంగాధర్‌కు,

అసిఫ్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మీ, అబ్బా, నేను బాగానే ఉన్నాం. అక్కడ సుబ్బన్న మామ, సంజీవమ్మత్త, నువ్వు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మనిద్దరి మధ్య ఇంత మర్యాద ఎన్నడూ లేదు కాబట్టి దాన్ని ఇక్కడితో ఆపేస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు, అమ్మీ ఫోన్లోంచి అత్తకు చేస్తే పెద్దవాళ్ళందరూ వింటారు, మరి దారేది? సబ్హాన్‌లో అబ్బా గ్యారేజీలోనే పనిచేసే మాబు మామ ఆదివారం సెలవు మీద రాయచోటికి వస్తున్నాడు. సామాన్లో గోరంత జాగా లేదురా అని ముందు బిగుసుకున్నాడు. కాగితమే మామా అంటే, కాగితమైతే జేబులో పెట్టుకుంటా తే అన్నాడు.

ముందు నా సంగతులు. ఈ సీజన్ నుంచి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు నేనే క్వార్టర్‌బ్యాక్‌ని. నిరుటిలా ఎవరికన్నా దెబ్బ తగిలితే దిగేవాడిని కాదు, మొదటి నిమిషం నుంచి ఆడేవాడిని. ఐదు మ్యాచ్‌లలో నాలుగు గెలిచాం. కాలేజీ నోటీసు బోర్డులో హెల్మెట్ పెట్టుకున్న నా ఫోటో వేశారు. అందులో ముఖం కనపడదు, కాబట్టి అమ్మీ నమ్మలేదు.

అమ్మీకి ఈ ఆట ఇప్పటికీ కొరుకుడు పడలేదు. కాలితో తన్నేదాన్ని గదా ఫుట్‌బాల్ అంటారు, నువ్వేందిరా చేత్తో ఇసుర్తాండావు అంటుంది. మొన్న ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాను. మా పదకొండు మందిలో బంతి ముందు నా చేతికే వస్తుంది, అవతలివాళ్ళు వచ్చి నన్ను పడగొట్టేలోపు అది ఎవరికి వెయ్యాలో నేను తేల్చుకోవాలి అని. అంతా విని, అట్లయితే దావత్‌లో వడ్డించే పనే గదరా, మనోళ్ళు యాడ కూచున్నారో చూసి ముక్కలు వేసేది అంది. కోచ్ రెండేళ్ళు నేర్పింది అమ్మీ ఒక్క మాటలో తేల్చేసింది.

నీ స్థానంలో ఇప్పుడు నౌమాన్ అనే హైదరాబాద్ కుర్రాడు ఆడుతున్నాడు. మంచివాడే, బాగా పరిగెడతాడు. తెలుగువాడే కదా అని మన పిలుపులు నేర్పబోయాను. రాయచోటి అంటే కుడి మూల, పీలేరు అంటే ఎడమ మూల, సంబేపల్లె అంటే అంతా నాటకం, బంతి నా దగ్గరే ఉంటుంది అని. అవి ఎక్కడున్నాయి భాయ్ అని అడిగాడు. ఆ ప్రశ్నతో నాకు ఉత్సాహం చచ్చిపోయింది. ఇప్పుడు అందరిలాగే ఇంగ్లీషు అంకెలు అరుస్తున్నాను.

మ్యాచ్ అయిపోగానే ఎవరి కార్లలో వాళ్ళు తినడానికి వెళ్ళిపోతారు. నన్నూ రమ్మంటారు, నిజం చెప్పాలి. ఒకటి రెండుసార్లు వెళ్ళాను. వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వి ఇంటికొచ్చాను. ఇప్పుడు వెళ్ళడం లేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటాను, పక్క సీట్లో సంచీ పెట్టుకుంటాను. శుక్రవారం పొద్దున గ్యారేజీ మూసి ఉంటుంది కదా, వెనక గోడకు పాత టైరు వేలాడదీసి అందులోంచి బంతి వేస్తుంటాను. వందసార్లు వేస్తే వందసార్లూ నేనే పోయి తెచ్చుకోవాలి. వెయ్యడం కంటే తెచ్చుకోవడానికే ఎక్కువసేపు పడుతుంది.

ఇక ఫైనల్ మాట. మనం మాట్లాడుకోక ఏడాది కావస్తోంది, ఎవరో ఒకరు ఎత్తాలి కదా. మన సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌కు మోకాలు పట్టేస్తే నన్ను దింపారు. ఆఖరి బంతి. పీలేరు అని అరిచింది నేనే. నువ్వు ఎడమ మూలకు పరిగెత్తావు. నేను కుడివైపు వేశాను, అవతలివాడు పట్టేసుకున్నాడు, ఓడిపోయాం. ఆ రోజే చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను. వాళ్ళ పొడుగువాడు చేతులెత్తి అడ్డం వచ్చాడు, నువ్వు నాకు కనపడలేదు. దుబాయ్‌లో మన కాలేజీకే ఉన్న రెండో క్యాంపస్ నుంచి వచ్చిన కోచ్ ఆ రోజు గోడ పక్కనే నిలబడి ఉన్నాడనీ, తన జట్టుకు బంతి పట్టేవాడిని ఒకడిని ఎంచుకుని సీటు, హాస్టలు ఇస్తాడనీ అందరికీ తెలుసు. ఆయన కన్ను నీ మీదే ఉందనీ తెలుసు. ఆ తర్వాత ఆయన ఎవరినీ తీసుకోకుండా వెళ్ళిపోయాడు. గంగాధర్ చెప్పిన చోట లేడని మన కోచ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడట. నాకు మాత్రం జట్టు దక్కింది.

నీకు నా మీద కోపం ఉండటంలో తప్పు లేదు. కానీ నాకూ నీ మీద కోపం ఉంది. సులైబియాలో సుబ్బన్న మామ పనిచేసే గోడౌన్ మూతపడిందనీ, ఇక్కడ ఉండనిచ్చే మీ అందరి ఇఖామాలు ఆ నెలాఖరుకే ఖలాస్ అనీ నాకెందుకు చెప్పలేదు? రోజూ ఒకే బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మనవాళ్ళ అలవాటు నాకు తెలియక కాదు. టికెట్ చేతికొచ్చేదాకా ఎవరూ నోరు విప్పరు. ఈలోపు వీసా ఇప్పించే ఇంకో కఫీల్ దొరకవచ్చు, నలుగురి నోట్లో పడితే దొరికేది కూడా పోతుందని భయం. మా అబ్బా కూడా ఒకసారి అట్లాగే రెండు నెలలు దాచాడు. కానీ నేను నలుగురిలో ఒకడినా? ఫైనల్ అయిన మూడోరోజు మీ ఇంటికి వస్తే తాళం వేసి ఉంది. కింద కిరాణా కొట్టాయన, నిన్న పొద్దున్నే విమానాశ్రయానికి పోయినారే, నీకు చెప్పలేదా అన్నాడు. ఆ దుబాయ్ సీటు ఒక్కటే నీ చదువుకు మిగిలిన దారి అని నాకు ఆ మెట్ల దగ్గర తెలిసింది.

రేపటి మ్యాచ్‌కు ఆ దుబాయ్ కోచ్ మళ్ళీ వస్తున్నాడు. ఈసారి నన్ను చూడటానికట.

సుబ్బన్న మామ మదనపల్లె టమోటా మార్కెట్లో చేరారని, నువ్వు కూడా లెక్కలు రాయడానికి వెళ్తున్నావని విన్నాను. నిజమేనా? చదువు మానలేదు కదా? పెద్దవాళ్ళకు నా సలాములు చెప్పు.

ఎప్పటికీ నీ స్నేహితుడు,
అసిఫ్

తా.క. శనివారం సాయంత్రం. మాబు మామకు ఇద్దామని కవరు తీసి, పైన రాసింది మళ్ళీ చదివాను. ఏదీ కొట్టెయ్యలేదు. ఏడాదంతా అందరికీ ఏం చెప్పుకుంటూ వచ్చానో నువ్వు కూడా చూడాలి.

నువ్వు నాకు కనపడ్డావు. ఆ పొడుగువాడు అడ్డం రాలేదు. పీలేరు మూలలో నీ దరిదాపుల్లో ఎవరూ లేరు, రెండు చేతులూ ఎత్తి నిలబడ్డావు. నువ్వు చోటు మారావని కోచ్‌కు చెప్పింది కూడా నేనే.

నిన్న మ్యాచ్‌కు ముందు ఇద్దరు కోచ్‌లకూ ఈ మాట చెప్పేశాను. మన కోచ్ నోట్‌బుక్ తెరిచి ఆ వాక్యం కొట్టేశాడు, తర్వాత నన్ను బెంచీ మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాను. దుబాయ్ ఆయన నీ నంబర్ అడిగితే, అమ్మీ ఫోన్లో ఉన్న సంజీవమ్మత్త నంబర్ ఇచ్చాను. మాట ఇవ్వలేను, మళ్ళీ ఆట చూడాలి అన్నాడు. ఫోన్ వస్తే ఎత్తమని అత్తతో చెప్పు.

చూసి కూడా ఎందుకు వెయ్యలేదని ఆయన అడిగాడు. దానికి జవాబు నీకే చెబుతున్నాను. ఆ బంతి పట్టుకుంటే నువ్వు దుబాయ్ వెళ్ళిపోతావు. నువ్వు వెళ్ళిపోతే ఇక్కడ నాకు ఇంకెవరూ లేరు. మీ ఇఖామాల సంగతి తెలియక, నిన్ను ఇక్కడే ఉంచుకుందామనుకున్నాను గంగా.