పేరు పెట్టి పిలవని బిడ్డ

కుప్పం,
దొరవారిసత్రం మండలం.
24 నవంబరు 2024, ఆదివారం.

చి॥ రేవతికి,

మీ వదిన రోజారమణి మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అన్న, అత్తమ్మ, నీ మేనల్లుడు క్షేమం. బిట్రగుంటలో నువ్వూ మహాలక్ష్మి పిన్నీ క్షేమమని తలుస్తాను. క్షేమం అన్న మాట అలవాటు కొద్దీ రాసేశాను. అందులో నిజమెంతో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, మెసేజ్ పెడితే చూడవు. పిన్నికి చేస్తే స్నానం చేస్తోంది అంటుంది. వేసవి నుంచీ నువ్వు స్నానం చేస్తూనే ఉన్నావు. కాగితాన్నైతే మధ్యలో కట్ చేయలేవని ఇలా కూర్చున్నాను.

వానలు బాగానే పడ్డాయి. పులికాట్ నిండింది, రొయ్యలకు కొదవ లేదు. మీ అన్న చీకటితోనే పడవ వేసుకుని పోతున్నాడు. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు మామూలే. నీ పుస్తకాల మీద వాన చినుకు పడకుండా మీ అన్న పట్టా కప్పి, తాడు కట్టి పెట్టాడు. గాలి వీచినప్పుడల్లా ఆ తాడు లాగి చూసుకుంటాడు.

ఇక అసలు సంగతి. మొన్న మీ కాలేజీ ఉషారాణి మేడమ్ మీ అన్నకు ఫోన్ చేశారు. మూడో ఏడు నువ్వు ఎందుకు రాలేదో ఆవిడకు ఇప్పటికీ అంతు పట్టలేదట. డిసెంబరు పదో తేదీలోగా వెళ్తే మళ్లీ చేర్చుకుంటారట, తప్పిన పరీక్షలు తర్వాత రాసుకోవచ్చట. ఆ తేదీ దాటితే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదన్నారు. నువ్వు ఎందుకు మానేశావో ఆవిడకు మీ అన్న చెప్పలేకపోయాడు. చెప్పాల్సింది నేను.

అనువర్తిత వికాస మనస్తత్వశాస్త్రం అని నువ్వెన్నిసార్లు చెప్పినా మన జాలర్ల కుప్పంలో ఒక్కరికీ నోరు తిరగలేదు. పిల్లలు పుట్టింది మొదలు ఎప్పుడు ఏం నేర్చుకుంటారో, నేర్చుకోకపోతే పెద్దవాళ్లు ఏం చేయాలో చదువుతానని నాకు విడమరిచి చెప్పావు. నువ్వు సెలవులకొచ్చి, పిల్లాడి ముందు గిలక్కాయ పెట్టి, దాని మీద తువ్వాలు కప్పి, వాడు వెతుకుతాడా లేదా అని చూసేదానివి. అత్తమ్మ అది చూసి, మా పిల్ల తిరపతిలో గుడ్డ కప్పే చదువు చదవతా ఉండాది అని రేవు దాకా చాటింపు వేసింది. నువ్వు ఉడుక్కునేదానివి కాదు. పోనీలే వదినా, అమ్మకు గుర్తుంది అదే చాలు అనేదానివి. అలాంటి దానివి నా మాటకు ఉడుక్కున్నావంటే ఎంత నొప్పి పెట్టానో నాకు తెలుసు.

అది వేసవి సెలవుల్లో పెంచలకోన గుడిలో బాబుకు పుట్టువెంట్రుకలు తీయించిన రోజు. దానికి ముందు రెండు మూడు రోజులు నువ్వు కాలేజీలో ఇచ్చిన పని కోసం వాడిని గమనిస్తూ ఉన్నావు. భోజనాలకు ముందు కుళాయి దగ్గర నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పావు. బాబు వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదు, నెల్లూరులో చెవుల డాక్టరుకు ఒకసారి చూపిద్దాం వదినా అని. మర్యాదగానే చెప్పావు. నాకే కడుపు మండింది. తలనీలాలిచ్చి తెచ్చుకున్న బిడ్డకు ఆ పూటే వంక పెడుతుందా అనుకున్నాను. నువ్వు చెవిలో చెప్పిన మాటను తీసుకెళ్లి బంధువులందరి ముందు విస్తళ్ల దగ్గర పెట్టాను.

వాడిని ఏమని పిలిచావని అందరిలో అడిగాను. పేరు పెట్టే పిలిచానన్నావు. అంతే, నాకు దొరికిపోయావు. వాడికి పెట్టుకుంది పోయిన మామయ్య పేరు, దర్గా మొక్కు పేరు. మొగుడి పేరని అత్తమ్మ పలకదు. మామ పేరని నేను పలకను. కన్న తండ్రి పేరు పెట్టి కొడుకును ఒరే అనలేక మీ అన్న నాయనా అంటాడు. అత్తమ్మకు వాడు అబ్బయ్య, నాకు చిట్టి. పుట్టినప్పటి నుంచీ ఆ పేరు మన గడప లోపల ఎవరూ పిలిచింది లేదు. ఇదిగో, ఇక్కడ రాయడానికి కూడా నా చేయి రావడం లేదు. వినని పేరుకు వాడు ఎలా తిరుగుతాడు చెప్పండి అన్నాను. పంక్తి పంక్తంతా నవ్వింది.

మాలకొండయ్య బాబాయి అయితే చేయి కడుక్కోవడం కూడా మరిచి, మే రేవతీ, ఇంట్లో పిలుపులే తెలీకుండా ఏం చదివినావు మే, ఆ ఫీజేందో మాకిచ్చుంటే మేం చెప్పుండమా అని ఆటపట్టించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నేనే ఇంకో మాట కలిపాను. నువ్వొక బిడ్డను కని పెంచినాక వచ్చి నాకు పాఠాలు చెప్పు అన్నాను. నువ్వు విస్తరి మడిచి లేచి వెళ్లావు. సొంత ఇంటి పిల్లాడినే చదవలేని దాన్ని ఊళ్లో పిల్లల గురించి ఏం చెబుతాను అని మీ అన్నతో అని, మర్నాడు పొద్దున బిట్రగుంటకు రైలెక్కావు. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను. ఆ రాత్రి కడుపు నిండా తిని పడుకున్నాను కూడా. ఇప్పుడది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నువ్వు వెళ్లాక, ఆ వేసవిలోనే, వాకిట్లో మీ అన్న పడవ ఇంజను తిప్పి చూసుకుంటుంటే బాబు పక్కనే హాయిగా నిద్రపోయేవాడు. అచ్చం వాళ్ల తాతే, తుపానొచ్చినా లేచే రకం కాదు అని అత్తమ్మ మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. నువ్వు ఇంట్లో ఉంటే ఏమనేదానివో.

రేవతీ, నువ్వు తిరుపతి వెళ్లు. డిసెంబరు రెండో తేదీ సోమవారం పొద్దున గూడూరు స్టేషన్లో మీ అన్న నీ పెట్టె, పుస్తకాలు పట్టుకుని ఉంటాడు. ఆయనతో కలిసి నేరుగా కాలేజీకి పో. ముందు ఇంటికి వచ్చి అందరినీ చూసి వెళ్తానని మాత్రం అనకు. నా మీద కోపం ఉంటే ఉంచుకో, తగ్గించుకోమని అడిగే హక్కు నాకు లేదు. ఆ కోపం చదువు మీద మాత్రం చూపించకు. పిన్నికి నా నమస్కారాలు చెప్పు.

నిన్ను నొప్పించిన నోటితోనే దీవిస్తూ,
మీ వదిన
రోజారమణి

తా.క. ఇంటికి రావద్దని ఎందుకన్నానో రాయకుండానే మడిచేద్దామనుకున్నాను. మనసొప్పలేదు. ముందే రాస్తే నువ్వు కాలేజీ మాట మరిచి ఇక్కడికి పరుగెత్తుకొస్తావని ఆగాను. దీపావళి నాడు వాకిట్లో పిల్లలు టపాకాయల సరం అంటించారు. అందరూ చెవులు మూసుకుని పరుగెత్తారు. మనవాడు ఆ మోతకు వీపు పెట్టి కూర్చుని, ఇసుకలో గవ్వలు ఏరుకుంటున్నాడు. వెనక నిలబడి చిట్టీ అన్నాను, అబ్బయ్యా అన్నాను, నాయనా అన్నాను. మనింట్లో వాడికున్న పిలుపులన్నీ పిలిచాను. తిరగలేదు. నెల్లూరులో పరీక్ష చేసి, రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువన్నారు. పుట్టుకతోనే అట. ఇంకొంచెం ముందు తేవాల్సిందమ్మా, ఈ వయసులో ప్రతి నెలా విలువైనదే అన్నారు డాక్టరు. నువ్వు చెప్పింది నిజం రేవతీ. నేను అందరినీ నవ్వించి, బిడ్డకు దక్కాల్సిన ఆ నెలలన్నీ పోగొట్టాను.

నిన్న చెవులకు మిషన్లు పెట్టారు. ఇంటికి వచ్చాక, అత్తమ్మ ఎదురుగానే వాడి వెనక నిలబడి, పెళ్లయినప్పటి నుంచీ నా నోట రాని పేరు పెట్టి పిలిచాను. హజరత్తయ్యా అన్నాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు తిరిగి నా వంక చూశాడు. అది తన పేరని వాడికింకా తెలియదు. నెల్లూరులో వారానికోసారి నేర్పిస్తారట, మిగతా రోజులు ఇంట్లో మేమే నేర్పాలట. ఎలా నేర్పాలో నాకు తెలియదు. నువ్వు అక్కడ నేర్చుకుని ఫోన్లో నాకు చెప్పు. ఈసారి నేను వింటాను.