మోకాళ్ల మీద జారని గోలు

హాలిఫాక్స్,
బుధవారం.

చిరంజీవి ఎలిస్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గానీ, ఆ మాట రెండుసార్లు రాశావు. ఒక్కసారే రాసి ఉంటే నమ్మేదాన్ని.

ఉత్తరాలెందుకమ్మా, ఫోను చెయ్యొచ్చుగా అన్నావు. ఫోనులో నువ్వు నవ్వేసి, నాన్నకివ్వమంటావు. అందుకే ఇలా.

కొత్త ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి మీ నాన్న వీధంతా చెప్పేశారు. ఎనిమిదేళ్లప్పుడు చేర్చుకున్న క్లబ్బు, ఎత్తు చాలదని పదహారేళ్లకి నిన్ను పంపించేసింది. గోదాములో పెట్టెలు మోస్తూ, శనివారాలు చిన్న జట్టుకి ఆడుతూ, గోలు మీద గోలు వేసి ఇన్నాళ్లకి మళ్లీ పెద్ద క్లబ్బు గుమ్మం దాకా వచ్చావు. వచ్చే మంగళవారం వాళ్ల డాక్టర్లు పరీక్ష చేయడమొక్కటే మిగిలింది. సంతోషించాల్సిన వేళ నాకు అనుమానం పట్టుకుంది.

గోలు వేస్తే మోకాళ్ల మీద జారుతూ మైదానం మూలనున్న జెండా దాకా పోయేవాడివి. చిన్నప్పుడు మన తివాచీ మీద జారి ఎన్ని ప్యాంట్లు చింపావో. ఆమధ్య టీవీలో చూస్తే, గోలు వేసి చేతులు కట్టుకుని నిలబడ్డావు. వ్యాఖ్యాత “ఎంత నిబ్బరం” అన్నాడు. వేయించిన చేపలూ చిప్సూ అమ్మే దుకాణంలో మొరీన్ ఊరుకుంటుందా?

“ఏంటి జూడిత్, మీవాడు గోలేసి బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు?”

“పెద్ద క్లబ్బుకి పోతున్నాడు కదా, ఇంకా గంతులేస్తాడా?” అన్నారు మీ నాన్న.

“అయితే ఇకమీద మా చిప్స్‌లో వెనిగర్ కూడా వద్దంటాడేమో, క్లైవ్.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

జారడం చిన్నపిల్లల పనని రాశావు. నేను అడగలేదు, నువ్వే రాశావు. కాలేజీలో చరిత్ర చెప్పీ చెప్పీ, అడగకుండా ఇచ్చిన కారణం దగ్గర ఆగి అనుమానించే అలవాటైంది నాకు. నా బుద్ధే వంకరేమోనని కూడా అనుకున్నాను.

అందుకే కళ్లారా చూసి తేల్చుకుందామనుకున్నాను. ఇంతసేపూ రాయలేక దాటేస్తున్న మాట ఇదే. పోయిన శనివారం లీడ్స్‌లో పనుందని మీ నాన్నతో చెప్పి, మీ ఊరొచ్చాను. నువ్వు గుర్తుపట్టకుండా ఎదుటి జట్టు మఫ్లర్ చుట్టుకుని వాళ్ల జనంలో కూర్చున్నాను. ఆటయ్యాక ఆటగాళ్లు బయటికొచ్చే గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల నిలబడ్డాను. నువ్వు మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగావు, అచ్చం మీ తాతయ్యలా. వెనక ఆటగాళ్ల కాళ్లూ కీళ్లూ చూసే మీ ఫిజియో వస్తుంటే ఆగి, ఫోను చెవికి పెట్టుకుని, ఆయన దాటిపోయేదాకా ఎవరితోనో నవ్వుతూ మాట్లాడావు.

అప్పుడు నీకు ఫోను చేస్తున్నది నేను. నా చెవిలో రింగు మోగుతూనే ఉంది, నువ్వు ఎత్తనే లేదు.

నీ మోకాలి సంగతి ఆ డాక్టర్లు కనిపెడితే ఈ అవకాశం పోతుంది. కనిపెట్టకపోతే కాలు పోతుంది. వాళ్లకంటే ముందు నువ్వే నోరు విప్పాలని నా కోరిక. మీ నాన్నకి ఏమీ చెప్పలేదు.

ఆదివారం ఇంటికి రా. కింద ముందుగదిలో నీకు పక్క వేశాను. అవసరం లేదంటావా, నా ఎదురుగా మేడమెట్లు ఎక్కి నీ గదిలోకి వెళ్లు. ఈ పక్క నేనే తీసేస్తాను, నోరెత్తకుండా.

ఇట్లు,
మెట్ల దగ్గరే నిలబడి ఉండే
మీ అమ్మ,
జూడిత్